పక్క గదికి బూడిద రంగు

ఫిబ్రవరి 9

పిట్టకి,

మీ అన్నయ్య క్షేమం, నేను క్షేమం. మా ఇద్దరి మధ్య శాంతి మాత్రం అంత క్షేమంగా లేదు. దానికి కారణం కొత్త ఇల్లు. గోడలు లేచాయి, పైన రేకులు పడ్డాయి, ఇక బయట రంగులు వెయ్యాలి. అక్కడ మొదలైంది గొడవ. రోజుకో రంగు, పూటకో పోట్లాట.

ఆయన ఏదో పత్రికలోంచి ఒక బొమ్మ చించి జేబులో పెట్టుకు తిరుగుతున్నారు. ఫామ్‌హౌస్ అంటే అలాగే ఉండాలట. నిలువు చెక్క పట్టీల గోడలు తెల్లగా, కిటికీ చట్రాలు నల్లగా, ముందు పొడుగాటి వరండా. "తెలుపంటే ఏ తెలుపు?" అన్నాను. "తెలుపంటే తెలుపే, మళ్ళీ ఏ తెలుపేమిటి?" అన్నారు. తీరా రంగుల దుకాణం వాడు ఒక పుస్తకం నిండా తెలుపులే చూపించేసరికి అక్కడే కుర్చీలో కూలబడ్డారు. జీవితమంతా కరెంటు స్తంభాలెక్కిన మనిషికి నేల మీద కళ్ళు తిరిగాయి.

అందుకని నీకే వదిలేస్తున్నాం. నూలుకు రంగులద్దే మిల్లులో ఈ ఎరుపుకి ఆ ఎరుపు కలిసిందా లేదా అని చూస్తూ తల నెరిసినదానివి, నువ్వు చెబితే ఆయన ఎదురు చెప్పరు. ఫోనులో ఫొటో పంపితే పోలా అన్నారు. ఫోనులో రంగు చూసి చెప్పమంటే నువ్వు నన్ను ఎన్ని మాటలంటావో నాకు తెలుసు. అందుకే అట్టముక్కల మీద రంగులు పూసి, ఆరబెట్టి, వెనకాల పేర్లు రాసి ఈ కవర్లో పెడుతున్నాను.

తూర్పు చివర వరండాని పొడిగించి, దానికి ఆనుకుని ఒక పక్క గది కట్టారు. దాని తలుపు వేరు, మెట్లు వేరు. దానికి బయట ఏ రంగు వెయ్యాలో కూడా నువ్వే చెప్పాలి. నువ్వే ఎందుకని అడక్కు.

ఇక అసలు మాట. ఈ ఏడాది చివరికి నీ ఉద్యోగం అయిపోతుంది, ఆ తర్వాత మా దగ్గరికి వచ్చి ఉండిపొమ్మని కిందటి ఉత్తరంలో రాశాను. నువ్వు నాలుగు పేజీల జవాబు రాశావు. అందులో ఒక పేజీ మీ కింది దుకాణంలో పిల్లి గురించి. నా మాటకి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ అడుగుతున్నాను పిట్టా.

సమాధానం చెబితే గానీ ఊరుకోని,
వదిన

*

ఫిబ్రవరి 20

వదినా,

నీ అట్టముక్కలు చేరాయి. పోస్టువాడు కవరు పట్టుకుని "ఇందులో ఏముందమ్మా, బిస్కట్లా?" అన్నాడు. "మా అన్నయ్య ఇల్లు" అన్నాను. నా వంక ఒక మాదిరిగా చూసి వెళ్ళాడు.

పొద్దున పనికి వెళ్ళేముందు వాటిని కిటికీలో పెట్టి చూశాను. నా గదికున్న ఒక్క గొప్ప ఆ కిటికీ. ఉత్తర దిక్కుది కనుక ఎండ నేరుగా పడదు, రంగు అబద్ధం చెప్పదు. కింద సైకిళ్ళు బాగుచేసేవాడి సుత్తి చప్పుడు, పైన నేను, మధ్యలో మీ ఇంటి తెలుపులు.

ఒకటో నంబరు తెలుపు వద్దు. అది అట్టమీద ముద్దుగానే ఉంటుంది. అంత గోడకి వేసి మధ్యాహ్నం చూస్తే కళ్ళలో సూదులు గుచ్చినట్టుంటుంది. మీగడ కలిసినట్టున్న నాలుగోది బాగుంటుంది. మెరుపు లేని రకం తీసుకోండి. మెరిసే రంగు వేస్తే పట్టీల మధ్య ప్రతి వంకరా బయటపడుతుంది, వడ్రంగి బాధపడతాడు. నల్ల కిటికీలు అన్నయ్య ముచ్చట, అవి ఉంచెయ్యండి. నమూనా చూడాలంటే తలుపంత చెక్క మీద రంగు వేసి గోడకి ఆనించండి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి చూడండి. మూడుసార్లూ నచ్చితేనే నచ్చినట్టు. మీ మట్టి ఏ రంగు? ఒక చిటికెడు కాగితంలో పొట్లం కట్టి పంపు. వానకి గోడ మీద చిందేది అదే, దాన్ని బట్టి కింది భాగం సంగతి చెబుతాను.

పక్క గది అంటే అన్నయ్య పనిముట్ల గదే కదా! ఎన్నేళ్ళ కోరిక అది! దానికి బూడిద రంగు కొట్టెయ్యండి, చాలు. మసి, నూనె ఏవీ కనపడవు. కిటికీ చిన్నది పెట్టండి, పెద్దది దండగ.

మిగతా విషయం తర్వాత రాస్తాను. మిల్లు గంట కొట్టారు.

నీ పిట్ట

*

మార్చి 4

పిట్టకి,

మట్టి పొట్లం పంపుతున్నాను, కవరు విప్పేటప్పుడు జాగ్రత్త. 

నువ్వు చెప్పినట్టే పెద్ద చెక్కకి రంగు వేసి ఆనించాం. నాలుగో నంబరు పొద్దున బాగుంది, మధ్యాహ్నం బాగుంది, దీపాల వేళ మరీ బాగుంది. రంగులు వేసే మేస్త్రీ "ఎవరమ్మా ఈ చెప్పినావిడ?" అని అడిగాడు. "మా ఆడపడుచు" అన్నాను. కాస్త గొప్పగానే అన్నాను.

పక్క గదికి బూడిద అన్నావు. సరే. మీ అన్నయ్య ఆ ముక్క నాచేత రెండుసార్లు చదివించుకున్నారు. కిటికీ మాత్రం చిన్నది చెయ్యడం కుదరదు, అది పెట్టేసి చాలా రోజులైంది.

వరండా స్తంభాలకి, ముందు తలుపుకి ఏం చెయ్యాలో రాయి.

వదిన

*

మార్చి 15

వదినా,

మీ మట్టి చూసి మనసు నిండింది. ఎరుపూ కాదు గోధుమా కాదు, రెండూ రాజీపడినట్టుంది. మధ్యాహ్నం భోజనం వేళ మా రంగుల బట్టీ దగ్గర కూర్చుని కాస్త నూలుకి ఆ రంగే అద్దాను. కొత్తగా చేరినమ్మాయి "ఇది ఏ ఆర్డరు మేడమ్?" అంది. ఇంటి ఆర్డరు అన్నాను. ఆ దారం ముక్క ఈ కాగితం మూలకి కట్టాను చూడు. ఇంటి చుట్టూ మోకాలెత్తు వరకు ఈ రంగుకి దగ్గరి రాయి అతికించండి. వానకి ఎంత చిందినా గోడ మాసినట్టు కనపడదు.

వరండా స్తంభాలకి రంగు వెయ్యకండి, నా మీద ఒట్టు. నూనె పూత పూసి వదిలెయ్యండి, చెక్క చెక్కలా కనపడనీ. అంతా తెలుపూ నలుపూ అయితే మనుషులు చెయ్యి ఆనించడానికి జంకుతారు.

ముందు తలుపు సంగతి నాకు వెంటనే తట్టింది. అన్నయ్య రెయిన్‌కోటు పచ్చ! కుంభవృష్టిలో బస్సు దిగితే ఎవరూ కనపడేవారు కాదు, నన్ను తీసుకెళ్ళడానికి వచ్చి నిలబడ్డ ఆ కోటు ఒక్కటే కనపడేది. అప్పుడు ధైర్యం వచ్చేది నాకు. ఆ రంగు తలుపు ఉంటే రోడ్డు మలుపు నుంచే మీ ఇల్లు పోల్చుకోవచ్చు.

నీ కిందటి ఉత్తరం పొట్టిగా ఉంది. పని ఒత్తిడా, కోపమా? ఇన్నాళ్ళూ నీ ప్రశ్నకి నీళ్ళు నములుతున్నాననా? అయితే చెబుతాను. నా కాపురం చెడి మీ పాత ఇంటికి వచ్చిన ఆ కొన్ని నెలలు నీకు గుర్తుండే ఉంటాయి. ఉన్నవి రెండు గదులు. అమ్మా నాన్నా ఒకదాంట్లో, మీరొకదాంట్లో. నా మడత మంచం నడవలో. పొద్దునే అన్నయ్య డ్యూటీకి వెళ్తూ చెప్పులు చేత్తో పట్టుకుని నన్ను దాటుకుంటూ వెళ్ళేవాడు, నిద్ర లేస్తానేమోనని. నేను మెలకువగానే ఉండి కళ్ళు మూసుకునేదాన్ని. ఎవరూ ఒక్క మాట అనలేదు వదినా. కానీ అందరి కాళ్ళకీ అడ్డం పడుతున్నానని నాకు తెలుసు. మళ్ళీ అలా ఉండలేను.

ఇంకోటి. పిలుస్తున్నది నువ్వు. అన్నయ్య నోట ఒక్కసారి కూడా రమ్మని వినలేదు. ఫోనులో "ఊ, ఆ, జాగ్రత్త" తప్ప నాలుగో మాట లేదు. ఇక్కడ నాకేం లోటు లేదు. ఎప్పుడైనా సెలవుల్లో వస్తే ఆ మడత మంచం వరండాలో వెయ్యి, చాలు.

నీ పిట్ట

*

మార్చి 29

పిట్టకి,

రాయి అతికించడం అయింది. నీ దారం ముక్క పక్కన పెట్టి చూస్తే ఏది దారమో ఏది రాయో అన్నట్టుంది. స్తంభాలకి నూనె పూశారు. మీ అన్నయ్య రోజుకి నాలుగుసార్లు వాటిని తడుముతున్నారు.

ముందు తలుపు కూడా అయిపోయింది. నువ్వు చెప్పినట్టే కొక్కేనికి వేలాడుతున్న రెయిన్‌కోటు తీసి మేస్త్రీకిచ్చాం. అతను దాన్ని దుకాణానికి మోసుకెళ్ళి రంగు కలిపించుకొచ్చాడు. అట్టముక్క పంపుతున్నాను. మేమైతే ఇలాంటిది కలలో కూడా అనుకునేవాళ్ళం కాదు. నీకు కావలసింది ఇదేనా?

పక్క గదికి ఆయనే స్వయంగా బూడిద రంగు వేశారు. మేస్త్రీని చెయ్యి పెట్టనివ్వలేదు. అచ్చం ఆస్పత్రి వెనక గోడలా ఉంది. వేసి బ్రష్ కడిగేసి వచ్చారు. అప్పటినుంచి ఆ వైపుకే వెళ్ళడం లేదు.

మడత మంచం అడిగావు. అది లేదు. పారేశాం.

వదిన

*

ఏప్రిల్ 8

వదినా,

అట్టముక్క చూసి ముందు నవ్వాను. ఇది ఆ పచ్చ కాదు! నేను చెప్పింది లేత అరిటాకు పచ్చ. నువ్వు పంపింది మాసిన అద్దం మీద పొగమంచు పట్టినట్టుంది. మేస్త్రీ తప్పు కలిపాడేమో అనుకున్నాను. తర్వాత వెలిగింది. అతను సరిగ్గానే కలిపాడు. నాకు గుర్తున్నది కొత్త కోటు. మీ కొక్కేనికి ఉన్నది ఇన్నేళ్ళ ఎండకీ వానకీ వెలిసిన కోటు. అది వెలుస్తున్నంత కాలం నేను అక్కడ లేను, అందుకే నాకు తెలియలేదు. నవ్వు ఆగిపోయింది.

తలుపు మార్చకండి. మీగడ తెలుపు పక్కన అదే బాగుంటుంది. నేను చెప్పిన పచ్చ వేసుంటే నలుగురూ నవ్విపోయేవారు.

కానీ నాకు అర్థం కానిది ఒకటుంది. పనిముట్ల గది గోడ నచ్చకపోతే అన్నయ్య అలగడం ఏమిటి? సుత్తులకీ పారలకీ ఆస్పత్రి గోడ అయితే ఏం, ఇంద్రభవనం అయితే ఏం?

మడత మంచం సంగతి కూడా అర్థమైంది. నువ్వు నోటితో అనలేవు, అందుకే అలా రాశావు. ఫరవాలేదు. నాకు కోపం లేదు, నిజంగా లేదు. మా ఇంటి యజమాని ఈ గది ఇంకో మూడేళ్ళకి అద్దెకి రాసిస్తానంటున్నాడు. మిల్లువాళ్ళు కూడా రిటైరయ్యాక వచ్చి కొత్త పిల్లలకి రంగులు చూడటం నేర్పమంటున్నారు. రెండిటికీ ఈ నెలాఖరుకి సంతకం పెడతాను. ఇక నువ్వు నన్ను రమ్మని అడిగే ఇబ్బంది ఉండదు, నేను జవాబు దాటేసే ఇబ్బందీ ఉండదు.

రేకుల చివర వాననీటి గొట్టాలకి నలుపు కాకుండా రేకుల రంగే వెయ్యమని చెప్పు.

పిట్ట

*

ఏప్రిల్ 14

ఒసే పిట్టా,

ఏ పనిముట్ల గది? పనిముట్ల గదని నీకెవరు చెప్పారు? నేను రాశానా? నీ ఉత్తరం చదవగానే నీకు ఫోన్ చెయ్యబోయాను. ఏడుస్తూ చెబితే నీకేం అర్థం కాదని పెట్టేశాను. నువ్వేమో ఆ మిల్లు మోతలో సగం వినవు. అందుకే రాస్తున్నాను, అక్షరాలు ఎలా ఉన్నా చదువుకో.

అది నీ గది. ఇంటి ప్లాను గీయించిన మొదటి రోజే, వంటిల్లు ఎక్కడో కూడా తేలకముందే, మీ అన్నయ్య కాగితం మీద తూర్పు చివర వేలు పెట్టి "ఇది పిట్టకి" అన్నారు. తలుపు వేరుగా, మెట్లు వేరుగా పెట్టించింది ఆయనే. "దానికి మన కాళ్ళకి అడ్డం పడుతున్నాననే బాధ ఉండకూడదు. మనమూ దాన్ని దాటుకుంటూ పోకూడదు" అన్నారు. నువ్వు నిద్ర నటిస్తున్నావని ఆయనకి అప్పుడే తెలుసు పిల్లా! నీ నటన చెడగొట్టకూడదనే చెప్పులు చేత్తో పట్టుకునేవారు. కిటికీని వడ్రంగి ముందు వైపు పెట్టబోతే ఆపి ఉత్తరపు గోడకి మార్పించారు, గోడలో సగం ఉంటుంది. దాన్నే నువ్వు దండగ అన్నావు.

నీకు చెప్పొద్దన్నది కూడా ఆయనే. రంగు నీచేత ఎంపిక చేయించి, వచ్చాక తాళం చేతిలో పెడదామని. నేను పుట్టిన నాటినుంచీ గుట్టు దాచలేని మనిషిని, ఎలా దాచానో నాకే తెలియదు. తీరా నువ్వు "బూడిద రంగు చాలు, కిటికీ చిన్నది పెట్టండి" అని రాశావు. నేను చదివి ఆగాను. ఆయన మళ్ళీ చదవమన్నారు. చదివాను. "దానికి అర్థమైంది. రానని చెప్పడం అలా చెప్పింది" అన్నారు. నేనూ అదే నమ్మాను. నమ్మి, నీ మీద మూతి ముడుచుకుని ఆ పొట్టి ఉత్తరాలు రాశాను. నువ్వు చెప్పింది చెప్పినట్టు చెయ్యాలని ఆయన పట్టుబట్టి బూడిద వేశారు. బ్రష్ పట్టుకున్న ఆయన మొహం నువ్వు చూడలేదు.

మడత మంచం పారేశాం, అవును. నీకు సరైన మంచం చేయించాం కనుక పారేశాం! అది గదిలో ఉంది. పరుపు కూడా వచ్చింది.

ఇదంతా ఇప్పుడే ఆయనకి చదివి వినిపించాను. విని ఆ బూడిద గోడ దాకా వెళ్ళారు. తిరిగొచ్చి నా చేతిలోంచి కలం లాక్కున్నారు. కింద రాసింది ఆయనే. ఆయన నాకు ప్రేమలేఖ కూడా రాయలేదు, ఆ సంగతి గుర్తుపెట్టుకో.

వదిన

పిట్టా,
నాకు అడగడం రాదు. గది కట్టించడం వచ్చు, అందుకని కట్టించాను. అడగాలని నాకు తోచలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. వచ్చెయ్. ఆ బూడిద గీకేస్తాను. నీకు ఏ రంగు కావాలో రాయి.
అన్నయ్య

*

ఏప్రిల్ 22

అన్నయ్యకీ వదినకీ,

మీ ఉత్తరం మిల్లు గేటు దగ్గరే విప్పాను. తప్పు చేశాను, లోపలికి వెళ్ళలేకపోయాను. కాపలాదారు "ఏమమ్మా, ఎవరైనా పోయారా?" అని కంగారుపడ్డాడు. తల అడ్డంగా ఊపాను. సగం రోజు సెలవు పెట్టి గదికి వచ్చేశాను. ఆ పని నేను ఎప్పుడూ చెయ్యలేదు.

వదినా, నిన్ను ఏమేమో అనుకున్నాను. నువ్వూ నన్ను అనుకున్నావు. ఎవరిది ఎక్కువో తేల్చుకోవడానికి బోలెడు సమయం ఉంటుంది మనకి.

అన్నయ్యా, నీ ఏడు ముక్కలూ చాలాసార్లు చదివాను. ఏ రంగు కావాలో రాయమన్నావు. రాయలేకపోతున్నాను. నవ్వకు. షేడ్ కార్డులన్నీ మంచం మీద పరుచుకుని కూర్చున్నాను. వేరేవాళ్ళ దుప్పట్లకి, వేరేవాళ్ళ పిల్లల స్వెట్టర్లకి, ముక్కూమొహం తెలియని వాళ్ళ కిటికీ తెరలకి ఏ రంగు నప్పుతుందో చూసిన వెంటనే చెప్పేదాన్ని. నాకు ఏ రంగు కావాలని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పెళ్ళయి వెళ్ళిన ఇంట్లో అడగలేదు, ఈ అద్దె గదిలో అడగలేదు, నేనూ నన్ను అడగలేదు. సాయంత్రం దాకా ఒక్క కార్డు కూడా పక్కన పెట్టలేకపోయాను. కాసేపయ్యాక కార్డులు కనపడటం మానేశాయి, అంత ఏడ్చాను.

కాబట్టి గోడ గీకకు. నేను వచ్చేదాకా అలాగే ఉండనీ. పెద్ద చెక్క ఒకటి సిద్ధంగా పెట్టు, దాని మీద నేనే రంగులు వేసుకుంటాను. పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం చూసుకుంటాను. ఏడాది పట్టినా నన్ను తొందరపెట్టకూడదు. వదిన పెడుతుంది, నువ్వు ఆపాలి.

ఏడాది చివరిదాకా ఆగడం లేదు. మిల్లువాళ్ళకి చెప్పేశాను, వచ్చే నెలాఖరుకి వదిలేస్తున్నాను. కొత్తమ్మాయికి నేర్పాల్సింది ఈలోగా నేర్పేస్తాను. చురుకైనదే.

నిన్న ఇంటి యజమాని మూడేళ్ళ కాగితాలు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. కలం కూడా తెచ్చాడు. వద్దండీ, ఖాళీ చేస్తున్నాను అన్నాను. ఆశ్చర్యపోయాడు. "ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు ఎక్కడికమ్మా?" అని అడిగాడు.

"మా ఇంటికి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి అంత తేలిగ్గా వస్తుందని నేనే అనుకోలేదు. అతను మెట్లు దిగి వెళ్ళిపోయాక, గదిలో ఒక్కదాన్నే నిలబడి, ఎలా ఉంటుందో వినాలని మళ్ళీ ఒకసారి పైకి అన్నాను.

మీ పిట్ట